అమ్మ రక్తంలో ఫంగస్, దాని గోడ కట్టనివ్వని మందు అన్నారు. ఆ గోడ ఏమిటో ఎవరైనా తెలుగులో చెప్పండి

నాగావళి_గట్టు
మాది రాయగడ. అమ్మకు 61 ఏళ్లు, చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. పేగు ఆపరేషన్‌కి విశాఖ తీసుకెళ్లాం. ఆపరేషన్ బాగానే అయింది గానీ ఐసీయూలో 19 రోజులు ఉంచాల్సి వచ్చింది. మెడ దగ్గర పెద్ద సిరలోకి గొట్టం పెట్టారు. పన్నెండో రోజు జ్వరం మొదలైంది. యాంటీబయాటిక్ రెండుసార్లు మార్చినా దిగలేదు. రక్తం కల్చర్‌లో క్యాండిడా అనే ఫంగస్ పెరిగిందన్నారు. ముందు ఫ్లూకొనజోల్ ఇచ్చారు. ఈ జాతికి అది పనిచేయదని రిపోర్టు వచ్చాక కాస్పోఫంగిన్ అనే ఇంజెక్షన్‌కి మార్చి, మెడలో గొట్టం తీసేశారు. అప్పుడు జ్వరం దిగింది. ఇప్పుడు ఇంటికి తెచ్చుకున్నాం, మిగిలిన ఇంజెక్షన్లు ఇక్కడి నర్సింగ్ హోంలో వేయిస్తున్నాం.

నా బాధ ఒకటే. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆస్పత్రిలో ఇంగ్లీషు. డిశ్చార్జి రోజు డాక్టరుగారిని అడిగితే "ఫంగస్ గోడ కట్టే ఎంజైమును ఆపే మందు" అని చెప్పి వెళ్లిపోయారు. రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. రోజూ సాయంత్రం అమ్మ అడుగుతోంది, "అది ఇంకా నా ఒంట్లో ఉందా?" అని. ఏం చెప్పాలో తెలియడం లేదు. అసలు ఏం గోడ అది? మొదటి మందు ఎందుకు పనిచేయలేదు?

పర్లాకిమిడి_సుధ
మా నాన్నగారికీ ఇలాగే జరిగింది. మాకు గోడ మాట కూడా చెప్పలేదు, "యాంటీ ఫంగల్" అన్నారంతే. ఎవరైనా వివరంగా రాస్తే నేనూ చదువుతాను.

బరంపురం_మైక్రో
నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, ఎమ్మెస్సీ ప్రాజెక్టు కూడా ఫంగస్ గోడ మీదే చేశాను. కాస్త పొడుగైనా ఓపికగా చదువు తమ్ముడూ.

మన కణాలకు గోడ ఉండదు. పల్చటి కొవ్వు పొర ఒక్కటే. ఫంగస్ కణానికి ఆ పొర బయట గట్టి గోడ ఉంటుంది. కణం లోపల నీటి ఒత్తిడి ఎక్కువ, గోడ బలహీనపడితే ఉబ్బి పగిలిపోతుంది. రాయగడ నుంచి కొరాపుట్ వెళ్లే దారిలో పాత ఇళ్లు చూసే ఉంటావు. వెదురు తడిక అల్లి, దాని మీద మట్టి మెత్తుతారు. క్యాండిడా గోడ దాదాపు అలాంటిదే. నిలువు బద్దలు కైటిన్. మధ్యలో దట్టమైన అల్లిక బీటా గ్లూకాన్, గోడలో ఎక్కువ భాగం ఇదే. పైన మెత్తిన మట్టి మానాన్, అంటే చక్కెర గొలుసులు తగిలించిన ప్రోటీన్లు.

మూడూ చక్కెరలతో చేసినవే. ఇక్కడే అసలు సంగతి ఉంది. మనం వార్చే గంజిలో పిండిపదార్థం, మీ రాయగడ పత్తిలో దూది, ఈ ఫంగస్ గోడలో గ్లూకాన్, మూడింట్లోనూ ఉన్నది ఒకటే గ్లూకోజ్. ఒక గ్లూకోజ్‌ని పక్కదానికి ఏ మూలన, ఏ వాలులో అతికించారన్నదే తేడా. ఆల్ఫా 1,4 అతుకైతే గంజి. బీటా 1,4 అయితే తిన్నటి దారం, దూది. బీటా 1,3 అయితే స్ప్రింగులా మెలిక తిరిగే గొలుసు, అదే ఫంగస్ గోడకు సాగే గుణం ఇస్తుంది. ఆ అతుకు ఎలా ఉండాలో నిర్ణయించేది ఎంజైము. బీటా 1,3 అతుకు వేసేదాని పేరు గ్లూకాన్ సింథేస్. మీ అమ్మగారి మందు పట్టుకున్నది దాన్నే. మన ఒంట్లో ఆ ఎంజైమూ లేదు, ఆ గొలుసూ లేదు. అందుకే ఆ మందు మన కణాల జోలికి పెద్దగా రాదు.

నాగావళి_గట్టు
అక్కా, మూడుసార్లు చదివాను. ఇంత వివరంగా ఇన్నాళ్లలో ఎవరూ చెప్పలేదు. ఒక్క భయం ఉంది. గ్లూకోజ్‌తో గోడ కడుతుందన్నారు, అమ్మకు షుగర్ ఉంది. అమ్మ తిన్న అన్నం, తాగిన టీ వల్లే అది గోడ కట్టుకుందా? ఆవిడ ఇప్పటికే తన తప్పేమో అనుకుంటోంది.

బరంపురం_మైక్రో
కాదు. ఈ మాట అమ్మగారికి ఈ రోజే చెప్పు. ఫంగస్‌కి ఏ తిండి దొరికినా దాంట్లోంచే తనకు కావలసిన గ్లూకోజ్ తయారు చేసుకోగలదు, మన రక్తంలో చక్కెర కోసం చూడదు. షుగర్ వల్ల జరిగేది వేరు. రక్తంలో చక్కెర ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే ఫంగస్‌ని మింగే తెల్ల కణాలు మందగిస్తాయి. మెడలో గొట్టం, పేగు ఆపరేషన్, బలమైన యాంటీబయాటిక్‌లు, ఈ మూడూ క్యాండిడా రక్తంలోకి దిగడానికి పెద్ద కారణాలు. ఆవిడ తప్పు ఇందులో ఏమీ లేదు.

కొరాపుట్_మాస్టారు
పాఠ్యపుస్తకాల్లో దీన్ని కణకవచం అంటాం. బరంపురం అమ్మాయి తడిక పోలిక బాగుంది గానీ ఒక్కచోట ఒప్పుకోను. తడిక గోడ ఒకసారి కట్టి వదిలేస్తాం. ఫంగస్ గోడ ఎప్పుడూ కడుతూనే ఉండాలి. మొగ్గ తొడగాలన్నా, పోగు సాగాలన్నా పాత గోడను ఒకచోట వదులు చేసి కొత్త గొలుసు చొప్పించాలి. అందుకే మందు పనిచేస్తుంది. కట్టేసిన గోడను మందు కూల్చదు, కట్టడం ఆపుతుంది. పెరుగుతున్న చోట గోడ పల్చబడి కణం పగులుతుంది.

నేను పిల్లలకు జంతికల గొట్టంతో చెబుతాను. గ్లూకాన్ సింథేస్ కణపొరలో లోపలి వైపు నుంచి బయటి వైపు దాకా దూరి కూర్చుని ఉంటుంది. పిండి లోపల, జంతిక బయట. లోపలి వైపు గ్లూకోజ్ ఊరికే రాదు, యూడీపీ అనే పిడి తగిలించుకుని వస్తుంది. ఎంజైము ఆ పిడి వదిలించి, గ్లూకోజ్‌ని గొలుసుకు అతికించి, గొలుసును పొరలోంచి బయటికి తోస్తుంది. అతికించడానికి కావలసిన శక్తి ఆ పిడి బంధంలోనే ఉంటుంది. గొట్టం నొక్కే చెయ్యి కూడా ఉంది, రో1 అనే చిన్న ప్రోటీన్. అది తగిలితేనే ఎంజైము పని మొదలుపెడుతుంది. ఎక్కడ గోడ కావాలో అక్కడే రో1 ఉంటుంది.

వంశధార_82
జంతికల గొట్టం అనగానే ఆకలేసింది మాస్టారూ. కైటిన్‌కీ ఇదే గొట్టమా?

కొరాపుట్_మాస్టారు
గొట్టం వేరు, పద్ధతి ఒకటే. కైటిన్ సింథేస్ అనే వేరే ఎంజైము. దానికి కావలసిన పిండి యూడీపీ తగిలించిన ఎన్-అసిటైల్ గ్లూకోజమైన్. అది కూడా అంచెలంచెలుగా తయారవుతుంది. ముందు ఫ్రక్టోజ్ ఫాస్ఫేట్‌కి గ్లుటమీన్ నుంచి నత్రజని చేరుతుంది, తర్వాత అసిటైల్ ముక్క, చివర యూడీపీ. పట్టీల్లా ఉండే ఆ గొలుసులు పక్కపక్కనే పేర్చుకుని గట్టి పుల్లలవుతాయి. ఒక్క క్యాండిడా ఆల్బికాన్స్‌లోనే నాలుగు కైటిన్ సింథేస్‌లు ఉన్నాయి. మానాన్ గొలుసులు మాత్రం ఇలా పొర దగ్గర తయారు కావు. అవి కణం లోపలే, గాల్జీ అనే భాగంలో, జీడీపీ అనే పిడి తగిలించిన మానోజ్ చక్కెరతో తయారై సంచుల్లో బయటికి వస్తాయి.

గోపాల్‌పూర్_అలలు
కైటిన్ అంటే రొయ్య పెంకులో ఉండేదే కదా? మా ఇంట్లో రోజూ రొయ్యలే. ఫంగస్ గోడలు వండుకు తింటున్నామన్నమాట!

బరంపురం_మైక్రో
అదే కైటిన్. అసలు దాన్ని మొదట కనుక్కున్నది రొయ్యలో కాదు, పుట్టగొడుగుల్లో. 1811లో ఫ్రాన్స్‌లో హెన్రీ బ్రాకోనో చూశాడు. నిశ్చింతగా తినండి, మన కడుపులో దాన్ని కొంత కోసే ఎంజైము కూడా ఉంది.

గుణుపురం_వరి
వ్యవసాయం చేస్తాం, గుణుపురం దగ్గర. చదువుతుంటే నా పొలం గుర్తొచ్చింది. వరిలో పాముపొడ తెగులుకు వాలిడామైసిన్ కొడతాం, అది కూడా ఫంగసే కదా. అది గోడను కట్టనివ్వని మందేనా? అగ్గితెగులు మందు సంగతేమిటి?

మందుల_బల్ల
గోడ మందే అనుకుంటా. మా షాపులో రైతులకు అలాగే చెబుతాం.

బరంపురం_మైక్రో
కాదు అన్నా, ఇది సరిచేయాలి. వాలిడామైసిన్ ట్రెహలేస్ అనే ఎంజైమును ఆపుతుంది. ట్రెహలోజ్ అనే దాచుకున్న చక్కెరను ఫంగస్ వాడుకోలేకపోతుంది. చక్కెర సంగతే గానీ గోడ కాదు. పాముపొడకు గోడ మందు అంటే పాలీఆక్సిన్. జపాన్‌లో 1960లలో ఒక స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుంచి తీశారు. అది యూడీపీ ఎన్-అసిటైల్ గ్లూకోజమైన్ వేషం వేసుకుని కైటిన్ సింథేస్‌లో పిండి ఉండాల్సిన చోట కూర్చుంటుంది. నిక్కోమైసిన్ అనేదీ అలాంటిదే. 2022లో క్యాండిడా కైటిన్ సింథేస్ ఆకారాన్ని అణువుల స్థాయిలో చూసినప్పుడు ఈ రెండు మందులూ దాంట్లో ఎక్కడ కూర్చుంటాయో కూడా కనిపించింది. మనుషుల ఫంగస్ జబ్బులకు కైటిన్ మందు ఇంకా మన చేతికి రాలేదు. నాకు అదే పెద్ద లోటనిపిస్తుంది.

కొరాపుట్_మాస్టారు
అగ్గితెగులు సంగతి నేను చెబుతాను, నాకు అది చాలా ఇష్టమైన పాఠం. ఆ ఫంగస్ వరి ఆకు మీద దిగి అప్రెసోరియం అని చిన్న గోపురం కడుతుంది. దాని గోడ లోపల మెలనిన్ అనే నల్ల పూత పూసుకుంటుంది. నీరు లోపలికి వెళ్తుంది, ఒత్తిడికి కారణమైన పదార్థం బయటికి జారదు. అలా లోపల ఒత్తిడి 80 వాతావరణ పీడనాల దాకా పెంచుకుని ఆకు పొరను పొడుస్తుంది. మీరు కొట్టే ట్రైసైక్లజోల్ ఆ నల్ల పూతను తయారుచేసే ఎంజైమును ఆపుతుంది. పూత లేకపోతే పొడవలేదు. అందుకే అది తెగులు రాకముందు కొట్టాలి, వచ్చాక కొడితే లాభం తక్కువ.

ఇంకొకటి. వరి మొక్క కైటిన్ ముక్కల్ని గుర్తుపట్టి ఎదురు తిరుగుతుంది. మన తెల్ల కణాలు బీటా గ్లూకాన్‌ని డెక్టిన్-1 అనే ప్రోటీన్‌తో గుర్తుపడతాయి. అందుకని అగ్గితెగులు ఫంగస్ వరిలోకి దిగేటప్పుడు ఆల్ఫా 1,3 గ్లూకాన్ అనే దుప్పటి పైన కప్పుకుంటుంది. క్యాండిడా మానాన్ కప్పుకుంటుంది. పైన మట్టి మెత్తేది వాన కోసమే కాదు, దాక్కోవడానికి కూడా.

గుణుపురం_వరి
ముందే కొట్టాలని పెద్దవాళ్లు అంటే తెగులు భయం వల్ల అనుకునేవాణ్ణి. ఇప్పుడు కారణం తెలిసింది మాస్టారూ. ఈసారి పక్క పొలం వాళ్లకు నేనే చెబుతా.

జయపురం_శ్రీను
అందరూ ఇంత బాగా మాట్లాడుకుంటున్నారు, నాకు మాత్రం కోపం వస్తోంది. 2021లో మా చిన్నాన్న బ్లాక్ ఫంగస్‌తో పోయారు. ఒక కన్ను తీసేశారు, అయినా దక్కలేదు. ఆంఫోటెరిసిన్ కోసం జయపురం, విశాఖ, భువనేశ్వర్ అన్నిచోట్లా తిరిగాను, దొరకలేదు. ఇంత మంచి గోడ మందు ఉంటే మాకెందుకు ఇవ్వలేదు? ఫంగస్ ఫంగసే కదా?

బరంపురం_మైక్రో
శ్రీనూ, ఆ రోజులు నాకూ గుర్తున్నాయి. ల్యాబ్‌లో స్లైడ్ మీద వెడల్పు పోగులు కనిపించినప్పుడల్లా గుండె జారేది. కానీ ఆ మందు ఇచ్చి ఉంటే బతికేవారని అనుకోకండి. బ్లాక్ ఫంగస్ అంటే మ్యూకర్ రకం, దాని గోడ వేరు. అందులో బీటా 1,3 గ్లూకాన్ చాలా తక్కువ. కైటిన్, దానికంటే ఎక్కువగా కైటోసాన్. కైటిన్ సింథేస్ కట్టిన గొలుసు మీద మరో ఎంజైము, కైటిన్ డీఅసిటైలేస్, అసిటైల్ ముక్కలు తీసేస్తే కైటోసాన్ అవుతుంది. గ్లూకాన్ ఎంజైమును ఆపినా ఆ గోడ నిలబడుతుంది. క్రిప్టోకాకస్ అనే ఇంకో ఫంగస్ కూడా ఈ మందుకు లొంగదు. అందుకే డాక్టర్లు ఆంఫోటెరిసిన్ కోసమే వెతికారు. అది గోడను కాదు, పొరలో ఉండే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వును పట్టుకుంటుంది. ఇంకో మాట, ఆ నలుపు ఫంగస్ రంగు కాదు. రక్తం అందక చచ్చిన కండ నల్లబడుతుంది.

జయపురం_శ్రీను
ఇన్నేళ్లూ వేరే మందు ఇప్పించలేకపోయానే అని కుమిలిపోయాను. అది కాదని ఎవరూ చెప్పలేదు. థ్యాంక్స్ అక్కా.

మందుల_బల్ల
వాలిడామైసిన్ విషయంలో నేను తప్పు చెప్పాను, రేపటి నుంచి సరిగ్గా చెబుతా. నాగావళి తమ్ముడి రెండో ప్రశ్నకు నేను చెబుతాను. ఫ్లూకొనజోల్ గోడ మందు కాదు. పైన చెప్పిన ఎర్గోస్టెరాల్‌ని తయారుచేసే ఎంజైమును ఆపుతుంది. కొన్ని క్యాండిడా జాతులకు అది పుట్టుకతోనే పనిచేయదు, క్రూసీ అలాంటిది. ఆరిస్ అనే జాతిలో ఎక్కువ భాగం కూడా లొంగదు. ఏ జాతో తేలేదాకా చాలామంది డాక్టర్లు ముందే గోడ మందు మొదలుపెడతారు, కానీ ఖరీదెక్కువ.

తమ్ముడూ, కాస్పోఫంగిన్ వయల్ ఫ్రిజ్‌లోనే ఉండాలి, 2 నుంచి 8 డిగ్రీలు. విశాఖ నుంచి రైల్లో తెస్తే ఐస్‌బాక్స్ తప్పనిసరి. సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోస్‌లో, అంటే గ్లూకోజ్ బాటిల్‌లో, కలపకూడదు. నర్సింగ్ హోంలో ఒకసారి చూసుకోండి.

నాగావళి_గట్టు
ఐస్‌బాక్స్‌లోనే తెచ్చాను అన్నా, పార్వతీపురంలో మళ్లీ ఐస్ మార్చాను. సెలైన్ సంగతి రేపు అడుగుతా. మాత్ర రూపంలో దొరకదా? రోజూ అమ్మ చేతికి సూది గుచ్చుతుంటే చూడలేకపోతున్నా.

బరంపురం_మైక్రో
ఆ అణువు చాలా పెద్దది, నోటి ద్వారా ఒంటికి పట్టదు. ఇదే ఎంజైమును ఆపే మాత్ర ఇబ్రెక్సాఫంగర్ప్ అని 2021లో అమెరికాలో ఆమోదం పొందింది, అది ఆడవాళ్ల యోని ఫంగస్‌కి. నీకు ఇప్పుడు కావలసింది అది కాదు. కాస్పోఫంగిన్ పుట్టుక విను, నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. స్పెయిన్‌లో లొజోయా నది లోయలో దొరికిన ఒక ఫంగస్ తయారుచేసే పదార్థాన్ని మార్చి ఈ మందు చేశారు. ఫంగస్ గోడను ఆపడం ఇంకో ఫంగస్ దగ్గరే నేర్చుకున్నాం. మనుషులకు 2001 నుంచి వాడుతున్నారు.

పర్లాకిమిడి_సుధ
మా నాన్నగారికి గ్లూకాన్ టెస్ట్ అని ఒకటి చేశారు. అది ఈ గ్లూకానేనా?

బరంపురం_మైక్రో
అవును. ఫంగస్ గోడ నుంచి రాలిన బీటా 1,3 గ్లూకాన్‌ని రక్తంలో కొలుస్తారు. గుర్రపు డెక్కలా ఉండే ఒక పీత రక్తం ఈ గొలుసు తగిలితే గడ్డకడుతుంది, టెస్టు మొదలైంది ఆ గుణం మీదే. ఆ కుటుంబం పీతలు మన బాలాసోర్ తీరంలో కూడా ఉన్నాయి. ఆపరేషన్‌లో వాడిన దూది గాజుగుడ్డ వల్ల కూడా అప్పుడప్పుడు తప్పుడు పాజిటివ్ వస్తుంది. మ్యూకర్‌లో నెగటివ్ వస్తుంది, కారణం శ్రీనుకు చెప్పిందే. ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్‌కి గెలాక్టోమానాన్ టెస్టు వేరే ఉంది. అందులో గెలాక్టోజ్ అయిదు మూలల ఉంగరంలా ఉంటుంది. ఆరు మూలల దాన్ని అయిదు మూలలకు మార్చే ఎంజైము మన ఒంట్లో లేదు. నేను ప్రాజెక్టు చేసింది దాని మీదే, దాన్ని ఆపే మందు వస్తే చూడాలని నా కోరిక.

తామర_బాధితురాలు
ఏడు నెలలుగా తామర. నడుము, తొడలు మంట. షాపులో ఇచ్చిన ట్యూబ్ రాస్తే నాలుగు రోజులు తగ్గి మళ్లీ వస్తోంది. నాకు కూడా ఈ గోడ ఇంజెక్షన్ వేస్తారా?

మందుల_బల్ల
వేయరు చెల్లీ, తామరకు అది వాడరు. ముందు ఆ ట్యూబ్ మీద పేరు చదువు. క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటే వెంటనే ఆపు. ఎరుపు తగ్గించి ఫంగస్‌ని పెంచుతుంది. మన దేశంలో ఇప్పుడు టెర్బినాఫిన్ అనే తామర మందుకి లొంగని తామర కూడా చాలా ఉంది, ట్రైకోఫైటన్ ఇండోటినే అని పేరు కూడా పెట్టారు. చర్మ డాక్టరుకు చూపించు. ఇంట్లో ఇంకెవరికి ఉన్నా వాళ్లూ కలిసి వాడాలి. మాలాంటి షాపులవాళ్లే ఆ కలిపిన ట్యూబులు అడగ్గానే ఇచ్చేస్తున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది. నేను మానేసి రెండేళ్లైంది.

వంశధార_82
ఫంగస్ కూడా తెలివిమీరి ఈ గోడ మందుకు అలవాటు పడదా?

కొరాపుట్_మాస్టారు
పడుతుంది. ఆ ఎంజైముకు ఎఫ్‌కేఎస్1 అనే జన్యువు ఉంది. దాంట్లో ఒకటి రెండు చోట్ల అక్షరం మారితే మందు పట్టు జారిపోతుంది. ఇంకో దారి, గ్లూకాన్ ఆగగానే ఫంగస్ కంగారుపడి కైటిన్ ఎక్కువ కట్టేసుకుంటుంది. అల్లిక పోతే బద్దలు రెట్టింపు చేసినట్టు. ఆస్పర్జిల్లస్ అయితే ఈ మందుతో పూర్తిగా చావదు, పోగుల కొనలు పగిలి పొట్టిగా అయిపోతాయి. క్యాండిడాను మాత్రం చంపుతుంది.

బరంపురం_మైక్రో
అందుకే కోర్సు మధ్యలో ఆపకూడదు. రక్తం కల్చర్ నెగటివ్ వచ్చిన రోజు నుంచి కనీసం 14 రోజులు. నాగావళి తమ్ముడూ, కంటి డాక్టరుకు చూపించారా? రక్తంలో క్యాండిడా వచ్చినవాళ్లకు కంటి వెనక పొరలో చేరిందేమో చుక్కలు వేసి చూడాలి. ఈ మందు కంట్లోకి సరిగ్గా వెళ్లదు.

నాగావళి_గట్టు
ఎవరూ చెప్పలేదు అక్కా. రేపే తీసుకెళ్తా.

నాగావళి_గట్టు
కంటి పరీక్ష అయింది. రెండు కళ్లూ శుభ్రంగా ఉన్నాయన్నారు. రెండో కల్చర్ కూడా నెగటివ్. ఇంకా ఆరు ఇంజెక్షన్లు ఉన్నాయి, సెలైన్‌లోనే కలుపుతున్నారు, దగ్గరుండి చూశాను.

నిన్న అమ్మ పక్కన కూర్చుని వంటింట్లోంచి జంతికల గొట్టం తెచ్చి మాస్టారు చెప్పినట్టే చెప్పాను. తన షుగర్ వల్ల గోడ కట్టలేదన్న మాట రెండుసార్లు చెప్పించుకుంది. చివరికి ఒకటి అడిగింది, నాకు జవాబు తెలియలేదు. "మందు గొట్టం రంధ్రం మూసేసిందా, పిండి అయిపోయేలా చేసిందా?"

కొరాపుట్_మాస్టారు
ముప్పై ఏళ్లలో ఏ విద్యార్థీ అడగని ప్రశ్న ఇది, అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. పాలీఆక్సిన్ అయితే పిండి కూర్చునే చోటు ఆక్రమిస్తుంది. కాస్పోఫంగిన్ అలా కాదు. పిండి ఉన్నా, రంధ్రం ఉన్నా, బయటి వైపు నుంచి గొట్టానికి ఆనుకుని పట్టు బిగిస్తుంది, ఎంజైము కదలలేదు.

నాగావళి_గట్టు
చెప్పాను మాస్టారూ. "అయితే పక్కనుంచి చెయ్యి పట్టుకున్నట్టు" అంది. తర్వాత గొట్టం కడిగి ఆరబెట్టమంది, ఆరో ఇంజెక్షన్ అయ్యాక జంతికలు వేస్తుందట.

వంశధార_82
రాయగడ రైలు ఎన్నింటికి?